ఎవరి జానెడు

ఆ బడిలో అంగుళాలు ఉండేవి కావు.

ప్రార్థనా మందిరం వెనక, ఎత్తు గోడల మధ్య ఉన్న ఆడపిల్లల హైస్కూలు అది. చేరిన ప్రతి పిల్ల చేతికీ నీలం అట్ట వేసిన చిన్న నియమాల పుస్తకం ఒకటి ఇచ్చేవారు. రిబ్బను వేలెడు వెడల్పు ఉండాలి. చొక్కా చెయ్యి మోచేతి కింద బెత్తెడు దిగాలి. ముంగురులు కనుబొమలకు రెండు వేళ్ళ పైనే ఆగిపోవాలి. చెవికి పెసరగింజను మించినది పెట్టకూడదు. గోరు బియ్యపుగింజ మందం కూడా పెరగకూడదు. స్కర్టు మోకాలి కింద జానెడు ఉండాలి. బడి పెట్టిన పెద్దాయన ముందుమాటలోనే రాసుకున్నాడు, కొలబద్ద బజార్లో దొరుకుతుంది గాని చెయ్యి దేవుడిచ్చింది కాబట్టి, దేవుడి బడిలో కొలతలన్నీ చేత్తోనే జరగాలని. ఎవరి చేత్తో అన్నది మాత్రం రాయడం మరిచిపోయాడు.

ఆయన మరిచిపోయిన ఆ ఒక్క మాట వల్ల బతుకు దారి మళ్ళిన మనిషి, ఆ బడి గేటుకు రెండు మలుపుల దూరంలో కుట్టుమిషను పెట్టుకుని ఉంది. పిల్లలు ఆమెను టైలరక్క అంటారు. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. మెళ్ళో టేపు, చెవి వెనక సుద్దముక్క, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదులతోనే మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఎప్పుడైనా కసురుతుంది కూడా.

కొట్టంటే గదిన్నర. ముందు గదిలో రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, గోడ పొడుగునా తీగకు వేలాడే యూనిఫాంలు. వెనక అరగదిలో నీళ్ళ తొట్టి. కొత్త గుడ్డ తాను వస్తే ముందు ఆ తొట్టిలో ముంచి, ఆరేసి, అది కుంచించుకోవాల్సినంతా కుంచించుకున్నాక గాని ఆమె కత్తెర పెట్టదు. "గుడ్డ చెయ్యాల్సిన అల్లరంతా నా దగ్గరే చేసేసి పోవాలి, పిల్ల ఒంటి మీద కాదు" అంటుంది. గుమ్మంలో వెలుతురు పడే చోట పీట వేసుకుని అత్తగారు హుక్కులూ గుండీలూ కుడుతుంటుంది. ఆవిడ కళ్ళజోడుకి ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకుంది. చూపు కాస్త తగ్గింది గాని నోరు తగ్గలేదు. ఇంటాయన లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, నెలలో పదిరోజులుంటే గొప్ప. కాబట్టి ఆ గదిన్నరలో మాటలన్నీ అత్తాకోడళ్ళవే.

టైలరక్క చెడ్డమనిషి కాదు. చిరిగిన జేబు ఊరికే కుట్టి పంపిస్తుంది. ఏ పిల్లకైనా బడికి వెళ్ళే దారిలో గుండీ ఊడితే, నిలబెట్టి, ఒంటిమీదే కుట్టేసి, దారం పళ్ళతో తెంపి తోలేస్తుంది. కాని ఆమె కడుపులో ఒకచోట మాత్రం ఎవరూ వేలు పెట్టకూడదు. అక్కడ జానమ్మ ఉంది.

జానమ్మ అసలు పేరు కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పిల్లలు పిలుచుకునే పేరు. ముప్పై ఏళ్ళపాటు ఆ బడిలో నియమాలు చూసిన టీచరు ఆవిడ. సన్నగా, పొడుగ్గా, చీలమండలదాకా తెల్ల అంగీ, గొంతుదాకా హుక్కులు. నవ్వేది కాదు, తిట్టేదీ కాదు. రోజూ ప్రార్థనకు ముందు వాకిట్లో పిల్లలు వరసగా నిలబడేవాళ్ళు. ఆవిడ పైనుంచి మొదలుపెట్టేది. పాపిట మీద వేలు రాసి నూనె ఉందో లేదో చూసేది. తర్వాత రిబ్బను, తర్వాత చెవులు, తర్వాత గోళ్ళు. ఆఖర్న పిల్ల ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలు మోకాలి చిప్ప కింద ఆనించి, అరచెయ్యి విప్పేది. ఆ చెయ్యి విప్పితే గద్ద రెక్క విప్పినట్టుండేది. చిటికెనవేలు ఎక్కడికి అందితే అక్కడిదాకా స్కర్టు ఉండాలి. లేకపోతే మెడ దగ్గర గుచ్చుకున్న పిన్నీసు తీసి, అంచు కుట్టు ఒకచోట పట్టుకుని సర్రున లాగేది. అంచంతా జారి, దారాలు వేలాడుతూ, ఆ పిల్ల సాయంత్రందాకా అలాగే తిరగాలి. మూడుసార్లు అలా జరిగితే పేరు తీసేస్తారు.

పదిహేనేళ్ళ వయసులో టైలరక్క తొడుక్కున్న స్కర్టు, పిన్ని కూతురు వాడి వదిలేసినది. ఎదిగే పిల్ల కాబట్టి వాళ్ళమ్మ అప్పటికే రెండుసార్లు అంచు విప్పి దించింది. పాత మడతలున్న చోట రెండు తెల్లగీతలు పడ్డాయి. సుద్ద కాదు, ఉతికితే పోవు. ఇంక దించడానికి లోపల వేలి మందం మడత కూడా లేదు. "మోకాళ్ళు కొంచెం వంచి నిలబడు తల్లీ, అదే దిగుతుంది" అని చెప్పి పంపింది వాళ్ళమ్మ.

మొదటిసారి అలాగే నిలబడింది. "తిన్నగా నిలబడు" అంది జానమ్మ. అంచు పోయింది.

రెండోసారి నడుం దగ్గర పట్టుకుని స్కర్టు కిందికి లాక్కుంది. జానమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "గుడ్డను లాగి నియమాన్ని అందుకోలేవు." అంచు పోయింది.

మూడోసారికి పిల్ల సిద్ధపడి వచ్చింది. అంతకుముందు రోజు సాయంత్రమంతా ఇంట్లో అరుగుమీద కూర్చుని తన మోకాలి కింద తన చేత్తో కొలుచుకుంది. సరిగ్గా జానెడు. వెంట్రుకవాసి తేడా లేదు. వరసలో జానమ్మ తన ముందుకు రాగానే తనే వంగి, బొటనవేలు మోకాలికి పెట్టి, చిటికెనవేలు అంచుకి తాకించి చూపించింది.

"సరిపోయింది టీచర్."

జానమ్మ తన చెయ్యి పెట్టింది. చిటికెనవేలు అంచు దాటి అంగుళంన్నర కిందికి పోయింది. "చాలలేదు."

"నా జానెడు చాలింది టీచర్."

"జానెడంటే జానెడే."

"ఎవరి జానెడు టీచర్?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరితో మొదలై ఇద్దరికి, ఇద్దరి నుంచి వరసంతటికీ పాకింది. ముప్పై ఏళ్ళలో ఆ వాకిట్లో పిల్లలు అలా నవ్వడం అదొక్కసారే. జానమ్మ ముఖంలో కోపం లేదు. పిన్నీసు తీయలేదు. పిల్ల మణికట్టు పట్టుకుని ఆఫీసు గదికి తీసుకెళ్ళి, పెద్ద రిజిస్టరు తెరిచి, నిలబెట్టి, ఆమె కళ్ళముందే రాసింది. పబ్లిక్ పరీక్షకి ఇంకా రెండు నెలలు.

ఆ రాసిన ముక్క ఏమిటో టైలరక్కకి పదకొండేళ్ళ తర్వాత గాని పూర్తిగా తెలియలేదు. ఊరవతల కుట్టుపని నేర్పే కేంద్రంలో పంతులమ్మ ఉద్యోగం పడింది. పరీక్ష పాస్ కాకపోయినా పర్వాలేదు, చదివిన బడి నుంచి నడవడిక కాగితం తెస్తే చాలన్నారు. బడికి వెళ్తే గుమాస్తా రిజిస్టరు చూసి, గుండ్రటి అక్షరాలతో ఉన్నదున్నట్టు దించి ఇచ్చాడు: "నియమోల్లంఘన. స్కర్టు పొట్టి. ఎదురు సమాధానం. పేరు తొలగించడమైనది." ఆ కాగితం చూసి కేంద్రంలో బల్ల వెనక కూర్చున్న ముగ్గురిలో ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. "పదిమందికి కుట్టు నేర్పడానికొచ్చారు. మీ స్కర్టే పొట్టయిందా అమ్మా?"

ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే బయటికొచ్చి, నవ్వుతూనే ఇంటికొచ్చి, కత్తెర తీసుకుని ఆ పాత స్కర్టుని గుండుసూదుల దిండుకి పనికొచ్చేంత ముక్కలుగా కత్తిరించింది.

అప్పటినుంచి ఆమెకి ఒక్కటే కావాలి. ఉద్యోగం కాదు, చదువు కాదు. రిజిస్టరులో ఆ ముక్క పోవాలి. అదీ ఎవరో గుమాస్తా చేత్తో కాదు, రాసిన చేత్తోనే పోవాలి. రెండుసార్లు వెళ్ళి అడిగింది. రెండుసార్లూ ఒకే జవాబు. నియమం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందమ్మా, రాసినవాళ్ళు తప్పని ఒప్పుకుంటే తప్ప మేమేం చెయ్యలేం. జానమ్మ తప్పని ఒప్పుకోవడమా? గోడకి చెవులుంటాయంటారు గాని, ఆవిడ ముందు గోడ కూడా తిన్నగా నిలబడేది.

ఏళ్ళు గడిచాయి. జానమ్మ ఉద్యోగం నుంచి దిగిపోయింది గాని బడి నుంచి దిగిపోలేదు. మందిరం ఆవరణలోనే ఒక గది, నియమాల సంఘానికి ఆవిడే పెద్ద.

రెండేళ్ళ కిందట, బడి ఆయా తెల్ల అంగీల మూట తెచ్చి టైలరక్క బల్లమీద పెట్టింది.

"పెద్ద టీచరుగారివి. హుక్కులు తీసేసి నొక్కుడు గుండీలు పెట్టమన్నారు."

"ఏం, హుక్కులకేం రోగం?" అంది అత్తగారు పీటమీదనుంచి.

టైలరక్క మూట విప్పింది. ఒక్కొక్క అంగీ వెలుతుర్లో పెట్టి చూసింది. హుక్కులు తుప్పు పట్టలేదు. దారం వదులవలేదు. కాని హుక్కు పడాల్సిన రింగు చుట్టూ గుడ్డంతా గీరుకుపోయి ఉంది. పట్టబోయి జారి, పట్టబోయి జారి, వేళ్ళు అక్కడక్కడే తడుముకున్న గుర్తులు. ఆరునెలలకి అవే అంగీలు మళ్ళీ వచ్చాయి. నొక్కుడు గుండీలు వద్దట, ముడేసుకునే తాళ్ళు కావాలట. ఇంకో నాలుగు నెలలకి చేతుల అంచులు వెడల్పు చెయ్యమన్నారు. ఆ తర్వాత కుడి జేబు తీసి ఎడమవైపు పెట్టమన్నారు.

మనుషులు డాక్టరు దగ్గర దాచేది కూడా దర్జీ దగ్గర దాగదు. జానమ్మ బయటికొచ్చినప్పుడు రెండు చేతులూ వెడల్పాటి అంగీ చేతుల్లో దోపుకుని నడుస్తుంది. చూసినవాళ్ళు ఎంత భక్తి అనుకుంటారు. ఆ చేతులెందుకు లోపలున్నాయో ఊరంతట్లోకీ ఒక్క టైలరక్కకే తెలుసు. మెతుకు మింగినంత నిశ్శబ్దంగా ఆ సంగతి లోపల పెట్టుకుంది. ఎవరితోనూ అనలేదు. అంగీలు మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒక్క వంకరకుట్టు లేకుండా కుట్టి పంపింది.

ఈ ఏడాది బడికి కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. చిన్నమనిషి, వేగంగా నడుస్తుంది, చెప్పింది వింటుంది. యూనిఫాంల పని టైలరక్కకి ఇచ్చింది ఆవిడే. సెలవుల్లో ఒకరోజు తనే కొట్టుకొచ్చి బల్లమీద మోచేతులు ఆన్చి కూర్చుంది.

"ఒక తలనొప్పి వచ్చి పడిందండీ. సెలవులిచ్చే ముందు ఒకే పిల్లని ముగ్గురు టీచర్లు కొలిచారు. ఒకావిడ చెయ్యి చిన్నది, పంపించేసింది. ఇంకొకావిడది పెద్దది, ఆపేసింది. మూడో ఆవిడ వేళ్ళకి ఉంగరాలు, సగంలో ఆపి అంచనా వేసింది. తెల్లారేసరికి ఆ పిల్ల తల్లి వచ్చి నా బల్లమీద తన చెయ్యి పెట్టి, ఇది జానెడు కాదా చెప్పమంది."

"చిన్న చెయ్యా అమ్మా?" అడిగింది అత్తగారు ఆసక్తిగా.

"పూరీ అంత కూడా లేదండీ." హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. "అందుకే పుస్తకం కొత్తగా వేయించేటప్పుడు జానెడంటే ఎన్ని అంగుళాలో ఒక లైను కలపాలనుకుంటున్నాం. పెద్దాయన రాసిన మాట మార్చం. ఆ మాటకి అర్థం రాస్తాం, అంతే. స్కర్టులన్నీ కుట్టేది మీరే కాబట్టి సంఘం మీటింగుకి మీరూ రావాలి. మామూలుగా తొమ్మిదంటారు కదా?"

టైలరక్క నోట్లో సూదులు తీసి దిండుకి గుచ్చింది. "తొమ్మిదనే వెయ్యొచ్చమ్మా. కాని రేపు ఆ తల్లే వచ్చి ఎవరి తొమ్మిది అనడిగితే? ఇన్నేళ్ళూ ఈ బడి పిల్లల్ని కొలిచింది పెద్ద టీచరుగారి చెయ్యి. ఆవిడ చెయ్యే టేపుతో కొలిచి రాసేస్తే ఇంక అడిగేవాళ్ళుండరు."

హెడ్‌మిస్ట్రెస్ ముఖం విచ్చుకుంది. "ఎంత మంచి మాట చెప్పారండీ. ఆవిడకి గౌరవంగా కూడా ఉంటుంది."

"అవునమ్మా. గౌరవమే."

పీటమీద అత్తగారి సూది ఆగిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ మలుపు తిరిగేదాకా ఆవిడ ఆగి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుంది.

"ఏమే, జేబు ఎడమపక్కకి మార్పించుకున్న మనిషి చెయ్యి చాచలేదని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే చెప్పావు."

"తెలిసే చెప్పాను."

"ముసలిచేతులే అవి. నావి చూడు, ఇవీ అలాగే పోతున్నాయి."

"మీరు ఎవరి అంచూ పీకలేదు అత్తయ్యా."

అత్తగారు కళ్ళజోడు మళ్ళీ ముక్కుమీదికి దించుకుంది. "నీ పగ ఇంత నిలవుంటుందని ముందే తెలిస్తే, నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో కూరలో ఉప్పు గురించి అంత గొడవ పెట్టుకునేదాన్ని కాదు."

"ఆ సంగతి ఇంకా నడుస్తూనే ఉంది లెండి."

"ఓసి నీ దుంపతెగ." ఆవిడ సూది మళ్ళీ అందుకుంది. కాని రెండు కుట్లు వేశాక మళ్ళీ ఆపింది. "సరే, ఆవిడ చెయ్యి తీయనంటుంది. తొమ్మిదేసుకోండి పొండి అంటుంది. అప్పుడు?"

"అనదు. ఆవిడ ఏం చేసినా అబద్ధం మాత్రం ఆడదు. ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లకి కూడా గోరంత వదల్లేదు, గోరంత ఎక్కువా చెప్పలేదు. అదే నా ధైర్యం."

మీటింగు పదిగంటలకి, ఆఫీసు గదిలోనే. టైలరక్క ఉతికిన చీర కట్టుకుని, కొత్త టేపు ఒకటి కొనుక్కుని వెళ్ళింది. పాత టేపు వాడి వాడి కాస్త సాగి ఉంటుంది, ఈ రోజు ఎవరూ టేపుని అనడానికి లేదు. పొడుగాటి బల్ల, గోడకి పెద్దాయన ఫోటో, అద్దాల బీరువాలో రిజిస్టర్లు. హెడ్‌మిస్ట్రెస్ ఒక పక్క, కలం పట్టుకుని గుమాస్తా ఒక పక్క. తలాపున జానమ్మ. డెబ్భై దాటింది. నడుం ఇంకా తిన్నగానే ఉంది. చేతులు అంగీలో ఉన్నాయి.

హెడ్‌మిస్ట్రెస్ నియమం చదివింది. ఎందుకు కొలవాలనుకుంటున్నామో, అది బడికి ఎంత గౌరవమో చెప్పింది. జానమ్మ అంతా విని, ఆవిడవైపు కాక టైలరక్కవైపు చూసింది.

"ఈ ఆలోచన నీదా?"

"నాదేనండి."

"అనుకున్నాను." అంది జానమ్మ. "వరసలో చివరినుంచి మూడోదానివి. నీ స్కర్టు మీద రెండు తెల్లగీతలుండేవి."

 ఇన్నేళ్ళూ ఆవిడ తనని మరిచిపోయి ఉంటుందనుకుంది టైలరక్క. గుర్తుచేసి చెప్పాల్సిన మాటలన్నీ దారిలో తయారుచేసుకొచ్చింది. వాటితో పనిలేకుండా పోయింది.

"గుర్తున్నానా అండి."

"నాకందరూ గుర్తే. రెండేళ్ళనుంచి నా అంగీలు నీ దగ్గరికే పంపుతున్నాను. నువ్వెవరో తెలిసే పంపాను. నీ కుట్టు తిన్నగా ఉంటుంది."

హెడ్‌మిస్ట్రెస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీకు ముందే పరిచయమా?"

 టైలరక్క టేపు విప్పి బల్లమీద పరిచింది. "చెయ్యి పెట్టండమ్మా."

కుడి అంగీ చేతిలోంచి చెయ్యి బయటికొచ్చింది. కణుపులు కణుపులుగా ఉబ్బి, వేళ్ళు ఒకదానిమీదికొకటి ఒరిగి, చిటికెనవేలు లోపలికి తిరిగిపోయి ఉంది. గుమాస్తా కలం పక్కన పెట్టేశాడు.

"అయ్యో, టీచరుగారూ," అంది హెడ్‌మిస్ట్రెస్ లేచి, "నాకు తెలియదండీ. వద్దు, తీసేయండి, మనం ఇంకోలా..."

"కూర్చో."

ఆవిడ కూర్చుంది. జానమ్మ బొటనవేలు బల్లమీద ఆనించి, మిగిలిన వేళ్ళని ముందుకి నెట్టింది. అవి కదిలాయి, ఆగాయి, వణికాయి. అప్పుడు ఎడమచెయ్యి మెల్లిగా బయటికొచ్చి, చిటికెనవేలిని పట్టుకుని లాగబోయింది.

టైలరక్క తన వేళ్ళతో ఆ ఎడమచేతిని పక్కకి జరిపింది. మెత్తగానే జరిపింది, గుడ్డ సర్దినట్టు.

"రెండో చెయ్యి సాయం పట్టకూడదండి. గుడ్డను లాగి నియమాన్ని అందుకోలేమని మీరే చెప్పారు."

"ఏమిటండీ ఆ మాటలు," అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఆమె చెప్పింది నిజమే," అంది జానమ్మ. ఎడమచెయ్యి వెనక్కి తీసేసుకుంది.

మళ్ళీ నెట్టింది. పై పెదవి మీద చెమట బొట్లు పుట్టాయి. టైలరక్క తొందరపెట్టలేదు. ఆమెకి టేపు మీద అంకె కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఆవిడ ముఖంలోకి చూసింది. జానమ్మ కళ్ళు బల్ల చుట్టూ తిరుగుతున్నాయి, ఒక్కొక్కరి నోటి మీదికీ పోయి ఆగుతున్నాయి. ఎవరైనా నవ్వుతారేమోనని వెతుకుతున్నాయి. ఆ చూపు ఎలా ఉంటుందో టైలరక్కకి తెలుసు. దాన్ని ఇంకొకరి ముఖంలో చూడటానికి ముప్పై మూడేళ్ళు పట్టింది. ఎవరూ నవ్వలేదు. అదొక్కటే ఆమెకి వెలితిగా అనిపించింది, వెనక వరస లేకపోవడం.

టేపు ఆనించింది. బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొసదాకా. పైకే చదివింది.

"ఆరుంబావు."

 ముందుగా హెడ్‌మిస్ట్రెస్ తేరుకుంది. "లేదులెండి, తొమ్మిదే వేద్దాం. టీచరుగారి చెయ్యి బాగున్నప్పుడు తొమ్మిది ఉండే ఉంటుంది."

"అలాగే వెయ్యండమ్మా," అంది టైలరక్క. "బాగున్నప్పటి చెయ్యి అని కూడా పక్కన వెయ్యాలి మరి. తొమ్మిదుండగా మనలో ఎవరు కొలిచాం?" అని జానమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండి టీచర్. ఎంత రాయాలి?"

ఇక్కడే అంతా ఉందని ఆమెకి తెలుసు. ఆవిడ ఒక్క మాట తప్పితే, ఒక్కసారి "తొమ్మిది" అంటే, వచ్చినదారినే వెళ్ళిపోవాలి.

జానమ్మ తన చేతివైపే చూస్తూ ఉంది. "వచ్చినంతే రాయండి. కొలిచాక మార్చకూడదు."

గుమాస్తా రాశాడు. రాశాక ఒకసారి పైకి చదివాడు: జానెడు అనగా ఆరుంబావు అంగుళాలు.

"ఇంకొక్క పని ఉందమ్మా," అంది టైలరక్క. తను ఆ బడిలో చదివిన ఏడాది చెప్పింది. గుమాస్తా హెడ్‌మిస్ట్రెస్ ముఖం చూసి, బీరువా తెరిచి, అట్ట ఊడిపోతున్న రిజిస్టరు ఒకటి దింపాడు. పేజీ దొరికింది. నల్లసిరా గోధుమరంగుకి తిరిగింది గాని అక్షరం చెక్కుచెదరలేదు.

"ఆ రోజు నా స్కర్టు మోకాలి కింద నా జానెడు, అంటే ఏడున్నర. టీచరుగారి వేలు అంగుళంన్నర కిందికి పోయింది, చాలలేదన్నారు. ఇప్పుడు చూస్తే అంగుళంబావు ఎక్కువే ఉంది. స్కర్టు పొట్టి అని రాసింది తప్పవుతుంది కదండీ."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. పనిలో పాతవాడు. "ఇవాళ పెట్టిన నియమం ఆ రోజుకి ఎలా వర్తిస్తుందమ్మా?"

"ఇవాళ కొత్తగా ఏం పెట్టారండీ? పెద్దాయన మాట మార్చలేదనీ, అర్థం రాశామనీ అమ్మగారే అన్నారు. జానెడు అన్న మాట ఆ రోజూ ఉంది. అర్థం ఇది."

గుమాస్తా తను ఇప్పుడే రాసిన లైను మళ్ళీ చూసుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో వెనక్కి జరిగింది. మొదటిసారి ఆవిడకి ఆ రోజు కొట్టులో తను ఏ మాటలు విని సంతోషపడిందో అర్థమైనట్టుంది. "ఇదంతా ముందే అనుకున్నారు మీరు," అంది.

"కత్తిరించే ముందు గీత గీసుకోవాలి కదమ్మా."

జానమ్మ రిజిస్టరు తన ముందుకి జరుపుకుంది. చాలాసేపు చదివింది. చదవడానికి అంత లేదక్కడ. ఆ తర్వాత గుమాస్తా వైపు కుడిచెయ్యి చాపింది. అతను కలం ఇచ్చాడు, మూత తీసి ఇచ్చాడు. ఆ వేళ్ళ మధ్య కలం నిలబడటానికే కొంతసేపు పట్టింది. "స్కర్టు పొట్టి" అన్న మాటల మీద ఆవిడ గీత లాగింది. నలిగిన దారంలా వంకరలు పోయింది గీత. పక్కన పొడి అక్షరాలు రెండు వేసి తేదీ వేసింది.

కలం అక్కడితో ఆగింది.

"ఎదురు సమాధానం అన్నది కొట్టను," అంది. "అది నువ్వు చేశావు."

టైలరక్క బల్లమీదికి వంగి ఆ ముక్క చూసింది. ఇన్నేళ్ళూ రెండు ముక్కల్నీ కలిపే మోసింది. ఇప్పుడు ఒకటి పోయాక రెండోది పేజీలో ఒంటరిగా, దర్జాగా కనిపించింది.

"కొట్టకండి టీచర్. అది నేను చేసిందే. ఉండనివ్వండి."

"నకలు ఇప్పుడే రాసిస్తానమ్మా," అన్నాడు గుమాస్తా హడావిడిగా. రాసి, ముద్ర వేసి, హెడ్‌మిస్ట్రెస్ చేత సంతకం చేయించి చేతికిచ్చాడు. "ఇంక మీ పని అయినట్టే."

టైలరక్క కాగితం తీసుకుంది గాని కదల్లేదు. బల్ల తలాపున జానమ్మ కలానికి మూత పెట్టబోతోంది. ఎడమచేతిలో మూత, కుడిచేతిలో కలం. మొదటిసారి గురి తప్పి సిరా వేలికి అంటింది. రెండోసారి మూత జారి బల్లమీద దొర్లింది. హెడ్‌మిస్ట్రెస్ చప్పున చెయ్యి చాచింది.

"ఆవిడ పెట్టుకుంటారు లెండి," అంది టైలరక్క.

హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. జానమ్మ తల ఎత్తలేదు. మూతని బల్ల అంచుకి ఆనించుకుని, కలాన్ని మెల్లమెల్లగా దానిలోకి దూర్చింది. మూడోసారికి కాదు, నాలుగోసారికి టక్కుమంది.

అది విన్నాక టైలరక్క టేపు చుట్టుకుని మెళ్ళో వేసుకుంది. వాకిలి దాటి, గేటు దాటి, రెండు మలుపులూ తిరిగి కొట్టుకొచ్చేసరికి, వెనక అరగదిలో నానబెట్టిన తాను పిండి ఆరేయడానికి అత్తగారు ఒక కొస పట్టుకుని ఎదురుచూస్తూ ఉంది.

"ఎంతకి తేలిందే?"

"ఆరుంబావు," అంది ఆమె. రెండో కొస అందుకుని, నీళ్ళన్నీ కారిపోయేదాకా మెలిపెట్టింది.